చారు పొంగితే మంట పసుపుపచ్చగా ఎందుకు?

కిందటేడు దీపావళికి ముందు ఒక శనివారం, నాటిక రిహార్సల్ కోసం మా తరగతి పిల్లలూ తల్లిదండ్రులూ ఒకరింట్లో చేరాం. ఆ ఇంటి అమ్మమ్మ గారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. అందరికీ చారు కాస్తున్నారు. మాటల్లో పడి చూసుకోలేదు, చారు కాస్తా పొంగి గ్యాస్ పొయ్యి మీద పడింది. నీలంగా ఉన్న మంట ఒక్కసారిగా పసుపుపచ్చగా మారింది. పిల్లలు "ఎందుకు? ఎందుకు?" అని ఎగబడ్డారు. "ఉప్పు తగిలిందమ్మా" అన్నారు ఆవిడ, మంట తగ్గిస్తూ. తరువాత మా వైపు తిరిగి, "అవును గానీ బాబూ, ఉప్పు తెల్లగా ఉంటుంది కదా. మంట పచ్చనే ఎందుకవుతుంది? ఎర్రన ఎందుకు కాదు?" అని అడిగారు.

ఆ వంటింట్లో ఉన్నవాళ్ళలో నలుగురం ఇంజనీరింగ్ చదివినవాళ్ళం. నలుగురికీ జవాబు వచ్చు, కానీ ఇంగ్లీషులో. తెలుగులో "ఎలక్ట్రాన్..." అని మొదలుపెట్టి, "ఎక్సైట్ అయి..." అని నసిగి, చివరికి "సైన్స్ అండీ" అని నవ్వేసి ఊరుకున్నాం. ఆవిడ ఏమీ అనుకోలేదు గానీ మాకే తల కొట్టేసినట్లయింది. వారం వారం పిల్లల చేత తెలుగు మాట్లాడించేవాళ్ళం మనమేనా అనిపించింది. ఈ వ్యాసం ఆవిడకు మేము పడిన బాకీ. పిల్లలూ, మీరూ చదవండి. కష్టంగా ఉన్నచోట అమ్మనో నాన్ననో అడగండి. (వాళ్ళూ తడుముకుంటారు, ఫరవాలేదు!)

ఉప్పులో సోడియం ఉంది. ఒక్కొక్క సోడియం పరమాణువులో 11 ఎలక్ట్రాన్లు ఉంటాయి. పది లోపల సర్దుకుని ఉంటాయి, పదకొండోది బయట కాస్త వదులుగా ఉంటుంది. మన కథ అంతా ఈ పదకొండోదానిదే. మంట వేడికి ఉప్పు ఆవిరై సోడియం పరమాణువులు విడిపోతాయి, మంటలోని వేడి వాయువుల అణువులు వాటిని ఢీకొంటాయి. ఆ తాకిడికి పదకొండో ఎలక్ట్రాన్ ఒక మెట్టు పైకి ఎక్కుతుంది. పైన ఎక్కువసేపు నిలవలేదు. సెకనులో సుమారు ఆరు కోట్లవ వంతు కాలంలో కిందికి దిగిపోతుంది. దిగేటప్పుడు ఆ రెండు మెట్ల మధ్య తేడా ఎంతో అంత శక్తిని వెలుగు రూపంలో బయటికి వదులుతుంది. సోడియంలో ఆ తేడాకు సరిపడే వెలుగు 589 నానోమీటర్ల పొడవున్న అల, అంటే పసుపుపచ్చ. (నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు.) జూలై 4న మనం చూసే బాణసంచాలో ఎరుపు స్ట్రాన్షియంది, ఆకుపచ్చ బేరియంది. వాటి మెట్ల ఎత్తులు వేరు, రంగులు వేరు. 1913లో డెన్మార్క్ దేశస్థుడు నీల్స్ బోర్ ఈ మెట్ల సంగతి మొదట చెప్పాడు.

ఇక్కడ రెండు ప్రశ్నలు మిగిలిపోయాయి. వెలుగు ఇలా ముద్దగా ఒకేసారి బయటికి రావడమేమిటి? అసలు మెట్లే ఎందుకు, నున్నటి వాలు ఎందుకు లేదు? రెండింటికీ గట్టి సాక్ష్యాలు దొరికింది మనం ఉంటున్న ఈ దేశంలోనే.

మొదటిదానికి చికాగో వెళ్ళాలి. వెలుగు అల అని అప్పటికి వందేళ్ళుగా అందరూ నమ్ముతున్నారు. 1905లో ఐన్‌స్టీన్ మాత్రం, వెలుగు చిన్న చిన్న పొట్లాలుగా వస్తుందని అన్నాడు. ఒక పొట్లాన్ని ఇప్పుడు ఫోటాన్ అంటున్నాం. లోహం మీద వెలుగు పడితే ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి కదా, దాన్ని ఈ పొట్లాలతో వివరించాడు. మన పిల్లలకు ఇది వెండింగ్ మెషిన్‌తో చెబితే సులువు. మెషిన్‌లో సోడా ధర 75 సెంట్లు అనుకుందాం. పెన్నీలు అది తీసుకోదు. సంచీడు పెన్నీలు పోసినా సోడా రాదు. ఒక్క డాలరు నోటు పెట్టండి, వెంటనే సోడా వస్తుంది, పాతిక సెంట్లు చిల్లర కూడా వస్తుంది. అయిదు డాలర్ల నోటయితే చిల్లర ఇంకా ఎక్కువ. ఎర్రటి వెలుగు పొట్లాలు పెన్నీల వంటివి. సోడియం లోహం మీద ఎంత ఎర్ర కాంతి గుప్పించినా ఎలక్ట్రాన్ కదలదు. ఊదారంగు కాంతి మసకగా పడినా వెంటనే బయటికి వస్తుంది. వచ్చేటప్పుడు దాని పరుగులో ఉండే శక్తే మనం చెప్పుకున్న చిల్లర.

చికాగో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ మిల్లికన్‌కు ఈ పొట్లాల మాట ఎంత మాత్రం నచ్చలేదు. తప్పని తేల్చాలనే కొన్నేళ్ళు శ్రమపడ్డాడు. లోహం ఉపరితలానికి గాలి తగిలితే కొలత చెడిపోతుంది కాబట్టి, గాలి తీసేసిన గాజు పాత్ర లోపలే సోడియం, పొటాషియం, లిథియం ముక్కలను చెక్కే కత్తి అమర్చాడు. ఒక్కొక్క రంగుకూ "చిల్లర" ఎంతో కొలిచాడు. 1916లో ఫలితాలు ప్రకటించాడు. ఐన్‌స్టీన్ సూత్రం అక్షరాలా సరిపోయింది! అందులోంచి ఆయన లెక్కగట్టిన ప్లాంక్ స్థిరాంకం ఇప్పటి విలువకు ఒక శాతం లోపు తేడాలోనే ఉంది. సూత్రం నిజమని ఒప్పుకుంటూనే పొట్లాలను మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు. మా దృష్టిలో ఈ కథలో అందరికన్నా నిజాయితీపరుడు ఈయనే. తనకు ఇష్టం లేని జవాబును అంత జాగ్రత్తగా కొలిచి, దాచకుండా ప్రచురించడం మాటలు కాదు.

మిగిలిన అనుమానం సెయింట్ లూయిస్‌లో తీరింది. 1922-23లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ కాంప్టన్ ఎక్స్-కిరణాలను గ్రాఫైట్ మీద పడనిచ్చాడు. కారమ్స్‌లో స్ట్రైకర్ కాయను కొట్టినప్పుడు తన జోరు కొంత కాయకిచ్చి పక్కకు తిరుగుతుంది చూడండి, ఎక్స్-కిరణాల పొట్లాలు ఎలక్ట్రాన్లను కొట్టి సరిగ్గా అలాగే జోరు తగ్గి తిరిగాయి.

ఇక రెండో ప్రశ్న, మెట్లెందుకని. దీనికి న్యూయార్క్ రావాలి. మన్‌హాటన్‌లో వెస్ట్ స్ట్రీట్ మీద బెల్ టెలిఫోన్ లేబొరేటరీ ఉండేది. (ఆ భవనం 1970 నుంచి కళాకారుల నివాసం, పేరు వెస్ట్‌బెత్.) అక్కడ క్లింటన్ డేవిసన్, లెస్టర్ జెర్మర్ అనే ఇద్దరు నికెల్ ముక్క మీదికి ఎలక్ట్రాన్లను పంపి, అవి ఎటు చెదురుతాయో కొలిచేవారు. 1925లో ఒకరోజు ద్రవ గాలి ఉన్న సీసా పేలి, వాళ్ళ గాజు గొట్టం పగిలింది. లోపలికి గాలి చొరబడి, వేడిగా ఉన్న నికెల్‌కు చిలుము పట్టింది. దాన్ని వదిలించడానికి చాలాసేపు కాల్చారు. మళ్ళీ పని మొదలుపెడితే ఫలితాలు పూర్తిగా మారిపోయాయి! కాల్చడం వల్ల నికెల్‌లోని సన్నని పలుకులు కలిసి కొన్ని పెద్ద స్ఫటికాలయ్యాయి, పరమాణువులు బారులు తీరాయి.

దాని అర్థం డేవిసన్‌కు వెంటనే తెలియలేదు. 1926 వేసవిలో భార్యతో సెలవుకు ఇంగ్లండ్ వెళ్ళి, ఆక్స్‌ఫర్డ్‌లో ఒక సభలో కూర్చున్నాడు. అక్కడ మాక్స్ బోర్న్ తన ఉపన్యాసంలో, ఎలక్ట్రాన్లు అలలనడానికి సాక్ష్యంగా డేవిసన్ పాత కొలతలనే చూపిస్తున్నాడు! ఫ్రాన్స్‌లో లూయీ డి బ్రోయ్ 1924లోనే ఈ మాట చెప్పి, అల పొడవు ఎంతుండాలో సూత్రం కూడా ఇచ్చాడు. డేవిసన్ తిరిగి వచ్చి, ఈసారి కావాలనే ఒకే స్ఫటికంగా ఉన్న నికెల్‌తో ప్రయోగం చేశాడు. 1927 నాటికి తేలింది. 54 వోల్టుల ఎలక్ట్రాన్లు 50 డిగ్రీల కోణంలో ఎక్కువగా వచ్చాయి. అందులోంచి లెక్కగట్టిన అల పొడవు 0.165 నానోమీటర్లు. డి బ్రోయ్ సూత్రం చెప్పింది 0.167.

బారులు తీరిన పరమాణువులు ఏం చేశాయో ఇంట్లోనే చూడవచ్చు. పాత సీడీ ఒకటి తీసి దీపం కింద తిప్పండి. రంగులు విడిపోతాయి. సీడీ మీద గీతల మధ్య దూరం 1,600 నానోమీటర్లు. వెలుగు అల వాటి మీద పడి, రంగును బట్టి ఒక్కొక్క కోణంలో బలపడుతుంది. నికెల్‌లో బారుల మధ్య దూరం 0.215 నానోమీటర్లు. అంటే ఏడు వేల రెట్లు సన్నని సీడీ! రవ్వ అనుకున్న ఎలక్ట్రాన్ దాని మీద వెలుగులాగే ప్రవర్తించింది. 1897లో ఎలక్ట్రాన్‌ను రవ్వగా కనుగొన్న జె. జె. థామ్సన్ కొడుకు జి. పి. థామ్సన్ కూడా అదే సమయంలో వేరుగా అది అల అని చూపించి, 1937లో డేవిసన్‌తో కలిసి నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకునేవారో!

మెట్లకు కారణం ఇప్పుడు సులువు. వీణ తీగ రెండు చివరలా బిగించి ఉంటుంది కాబట్టి దాని మీద సరిగ్గా ఇమిడే అలలే నిలుస్తాయి. పరమాణువులో ఎలక్ట్రాన్ కూడా బందీ అయిన అలే. ఇమిడే అలలు కొన్నే, కాబట్టి శక్తి మెట్లూ కొన్నే. (నిజానికి అది తీగలాగా ఒక గీత మీద కాదు, పరమాణువు చుట్టూ అన్ని వైపులా పరుచుకున్న అల. 1926లో ష్రోడింగర్ ఇచ్చిన సమీకరణం దాని లెక్క చెబుతుంది.)

"ఇంతకీ రవ్వా, అలా?" అని మా తరగతిలో ఒక పాప విసుక్కుంది. ఏనుగును తడిమిన గుడ్డివాళ్ళ కథ చెప్పి తప్పించుకోబోయాం గానీ, ఆ పోలిక అతకదు. అక్కడ ఏనుగు ఎవరు తడిమినా తడమకపోయినా నిండుగా ఉంది. ఇక్కడ మనం ఏం అడుగుతామన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. 1989లో జపాన్‌లో హిటాచీ సంస్థలో అకిరా తొనొమురా బృందం ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా, రెండు దారులున్న పరికరంలోంచి పంపారు. ఒక్కొక్కటీ తెర మీద ఒక్క చుక్కగానే పడింది, రవ్వలాగా. వేల చుక్కలు పడ్డాక చూస్తే అలలకు మాత్రమే వచ్చే చారలు కనిపించాయి. ఏ దారిన వెళ్ళిందో కనిపెట్టే ఏర్పాటు చేస్తే ఆ చారలు చెరిగిపోతాయి. వెలుగు సంగతీ అంతే.

ఈ కథలో మనవాళ్ళు లేరా అని పెద్దలు అడుగుతారు. ఉన్నారు. చిన్నతనంలో విశాఖపట్నంలో చదువుకున్న సి. వి. రామన్ గారు, 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో, అణువుల మీద చెదిరిన వెలుగులో కొంత రంగు మారి వస్తుందని కనుగొన్నారు. అక్కడా కారమ్స్ ఆటే, కాకపోతే జోరు అణువు ఊగడానికి పోతుంది. ఆ ఏడే ఆయన దగ్గర చేరారు సూరి భగవంతం గారు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన యువకుడు. 1931లో, ఆయనకు 22 ఏళ్ళ వయసులో, గురుశిష్యులిద్దరూ చెదిరిన కాంతి ధ్రువణాన్ని కొలిచి, ఫోటాన్‌కు బొంగరంలా తనదైన తిరుగుడు ఉందని ప్రయోగపూర్వకంగా చూపినట్లు ప్రకటించారు. ఆ తిరుగుడు కుడికో ఎడమకో, రెండే రకాలు. సినిమా హాళ్ళలో రియల్‌డి వాళ్ళిచ్చే త్రీడీ కళ్ళద్దాలు పిల్లలందరికీ తెలుసు. ఒక కంటి అద్దం కుడి తిరుగుడు వెలుగును, రెండోది ఎడమ తిరుగుడు వెలుగును రానిస్తాయి. భగవంతం గారు తరువాత వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. అక్కడే కొచ్చర్లకోట రంగధామరావు గారు, లండన్‌లో ఫౌలర్ దగ్గర పనిచేసి వచ్చి, వర్ణపట పరిశోధనను పెంచారు. మంటలో, మెరుపులో ఏ పరమాణువు ఏ రంగు గీతలిస్తుందో కొలవడమే ఆ శాస్త్రం. అంటే అమ్మమ్మ గారి ప్రశ్న మీదే అక్కడ ఒక తరం బతికింది.

ఈ సంచిక ప్రతి ఒకటి ఆవిడ ఊరికి పంపుతున్నాం. అమ్మమ్మ గారూ, మనవడి పాత సీడీ ఏదైనా ఉంటే, దీపాలు ఆర్పి, ముందు కొవ్వొత్తిని అందులో చూడండి, ఇంద్రధనుస్సు రంగులన్నీ కనిపిస్తాయి. తరువాత గ్యాస్ మంట మీద చిటికెడు ఉప్పు చల్లించి (పెద్దవాళ్ళే చల్లాలి, మొహం దూరంగా) సీడీలో చూడండి. ఆ పసుపుపచ్చ ఒక్కటే మిగతా అన్నిటినీ మించి వెలుగుతుంది. అదే పదకొండో ఎలక్ట్రాన్ మెట్టు దిగిన రంగు.