ఒరిగి నిలిచిన కారు

కారునకు క్రొత్త స్ప్రింగులో, షాకబ్జార్బర్లో వేయించి ఇంటికి తెచ్చిన మరునాడు అది ఒక ప్రక్కకు ఒరిగి నిలిచియుండుట చూచి కలవరపడినవారు మన శ్రోతలలో కొందరైన నుందురు. డబ్బు పోయినది, రెండు దినముల పని పోయినది, బండి మాత్రము మునుపటికంటె వంకరగా నున్నది. అట్టి సమయమున చాలమంది చేయునది ఒక్కటే. క్రుంగిన ప్రక్కను దోషిగా నిర్ణయించి, ఆ ప్రక్క సామాను మరల మార్పింతురు. అది తొందరపాటని మా అభిప్రాయము. మా కన్నుల యెదుట జరిగిన యొక సంగతి చెప్పి కారణము వివరించెదము.

విశాఖపట్టణమున కంచరపాలెము పేరు వినని వారుండరు. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్కు రెండును ఉన్న ఆ పేటలో పనిముట్లు పట్టి బ్రతుకు యువకులకు కొదువ లేదు. కొంతకాలము క్రిందట అచ్చట నొక చిన్న వర్కుషాపులో మా బండికి ఆయిలు మార్పించుకొనుచు కూర్చుండగా ఒక టాక్సీ యజమాని వచ్చెను. బండి సొంతము, డ్రైవరును తానే. యాత్రికులను అనంతగిరి ఘాటు మీదుగా అరకులోయకు తీసికొనిపోవుట ఆయన జీవనాధారము. ముందురోజుననే ఆ వర్కుషాపులో ముందుచక్రముల షాకబ్జార్బర్లు రెండును, క్రింది ఆర్ములు రెండును మార్చిరి. స్ప్రింగులు మాత్రము పాతవే తిరిగి బిగించిరి.

"కుడిపక్క దిగిపోయింది, సార్! కొత్త సామాను ఏసేక ఇదేటి? రేపు అరకు బేరం ఉంది నాకు" అని ఆయన మాతో మొర పెట్టుకొనెను. పని చేసిన కుర్రవానికి ఇరువది యేండ్లుండవచ్చును. కుడి స్ప్రింగు పాడైనదనియు, బిగించునపుడు వాడే దానిని చెరచెననియు, క్రొత్త స్ప్రింగు ఖరీదు వాని జీతమునుండి తీయవలెననియు మేస్త్రి తీర్మానించుచుండెను. స్ప్రింగు చుట్ల నడుమ రబ్బరు ముక్క దూర్చినచో లేచి నిలుచునని మరియొకరు సలహా చెప్పిరి. ఇంతలో ప్రక్క షెడ్డులోని వృద్ధ మెకానిక్కు ఒకరు చేయి తుడుచుకొనుచు వచ్చి, "ముందు కొలవండి బాబూ, తరవాత కొట్టుకుందురు గాని" అనిరి.

ఆయన మొదట కొలిచినది కారును కాదు, నేలను. తాపీ పనివారు వాడు నీటిగొట్టమును తెప్పించి, నాలుగు చక్రముల క్రింద నేలమట్టము చూచిరి. రోడ్డు ప్రక్క షెడ్ల ముంగిళ్లు సాధారణముగా కాలువవైపు వాలి యుండును. రెండు వ్రేళ్ల వాలు చాలును, మంచి బండియు కుంటిదిగా కనుపించుటకు. కారును చదునైన గచ్చుమీదికి త్రోయించి, టైర్లలో గాలి సరిచూచి, డిక్కీలోని సామాను దింపించి, పదిగజములు ముందునకు, పదిగజములు వెనుకకు నడిపించిరి. జాకీనుండి దింపిన కారు వెంటనే తన ఎత్తున కూర్చుండదు. గాలిలో వ్రేలాడినపుడు చక్రములు లోపలికి ముడుచుకొని, నేల తాకిన పిదప టైరు ప్రక్కకు జారుటకు వీలులేక బిగుసుకొనును. కొంత దొర్లినగాని అవి తమ స్థానమునకు రావు.

పిదప చక్రపు నడిబొడ్డునుండి మడ్గార్డు అంచువరకు టేపు పట్టిరి. నేలనుండి కొలిచినచో టైరు అరుగుదలయు, గాలి తేడాయు లెక్కలో కలియును. నడిబొడ్డునుండి కొలిచినచో ఆ చిక్కు లేదు. టేపు రెండవ కొన పట్టుకొనినది మేమే గనుక అంకెలు మాకు జ్ఞాపకమున్నవి. ముందు ఎడమ 37.2 సెంటీమీటర్లు, ముందు కుడి 35.8. వెనుక రెండు ప్రక్కలను ఇంచుమించు సమానము.

అటుపై ఆయన చేసిన పని మాకు మిక్కిలి నచ్చినది. అదే రకపు కారు మరియొకటి ముంగిట నుండగా దానిని కొలిచిరి. రెండు ప్రక్కలను 36కు కొంచెము తక్కువ! అనగా కుడిప్రక్క క్రుంగలేదు. ఎడమప్రక్క లేచి నిలిచినది. అందరును నిందించిన స్ప్రింగు ఉండవలసిన ఎత్తుననే యున్నది.

ఇచ్చట కొంచెము శాస్త్రము అవసరము. కారు బరువును మోయునది స్ప్రింగు. షాకబ్జార్బరు బరువు మోయదు. స్ప్రింగు ఊగిసలాటను అణచుటయే దాని పని. గ్యాసు నింపిన రకములు కొద్ది మిల్లీమీటర్లు పైకి నెట్టవచ్చును, అంతకుమించి కాదు. స్ప్రింగు ఎంత బరువునకు అంత అణగునను సూత్రమును రాబర్టు హుక్ 1678లో ప్రకటించెను. ఒక మూలపై 250 కిలోల బరువున్నదనియు, 20 కిలోలకు స్ప్రింగు ఒక సెంటీమీటరు అణగుననియు అనుకొందము. అపుడది పన్నెండున్నర సెంటీమీటర్లు అణగి నిలుచును. రెండవ ప్రక్క స్ప్రింగు నూటికి పదివంతులు గట్టిదైనచో అది 11.4 సెంటీమీటర్లే అణగును. తేడా 11 మిల్లీమీటర్లు, కంటికి స్పష్టముగా కనబడును. స్ప్రింగులను జతగా మార్చవలెననుటకు కారణమిదియే. కొన్ని కార్లలో కుడి ఎడమలకు వేర్వేరు స్ప్రింగులు కూడ నుండును. వానిపై రంగు గుర్తులను గమనింపక తారుమారు చేసినచో కారు ఒరుగును. కాని ఈ టాక్సీ స్ప్రింగులు పాతవే, ముందురోజువరకు సమముగా నిలిచినవే. అవి ఒక్క రాత్రిలో మారవు గదా!

నాలుగు కాళ్ల పీటకు ఒక కాలు పొట్టియైనచో ఎదురుమూల కాలు లేచును. కారును అంతే. వెనుక కుడి స్ప్రింగు నీరసించినచో ముందు ఎడమ మూల పైకి లేవవచ్చును. అందుచే వెనుక ఇరుసు నడుమ జాకీ పెట్టి వెనుకభాగమును ఒకే బిందువుపై నిలిపిరి. తప్పు వెనుక నున్నచో అపుడు ముందుభాగము సమమగును. సమము కాలేదు. రెండు ముందుచక్రములను కలుపు యాంటీరోల్ బారు లింకు నొకదానిని విప్పిరి. లింకుల పొడవులు భిన్నమైనచో ఆ కడ్డీ మెలితిరిగి ఒక ప్రక్కను ఎత్తును. అదియు కాదు. స్ప్రింగు క్రింది కొన గిన్నెలోని మెట్టునకు ఆనినదా యని లైటు వేసి చూచిరి. ఆనియే యున్నది. సముద్రపుగాలి వీచు ఈ ఊరిలో ఆ గిన్నెను శ్రద్ధగా చూడవలెను. తడియు, ఉప్పును అచ్చట నిలిచి తుప్పు తినగా స్ప్రింగు చివరి చుట్టు విరిగి, ముక్క ఆ గిన్నెలోననే దాగి యుండుట కలదు.

అపుడాయన కుర్రవాని నడిగిరి: "ఎడమ ఆర్ము బోల్టులు ఎప్పుడు బిగించేవురా?" వాడు తల వంచుకొని, "బండి జాకీ మీద ఉన్నప్పుడే, తాతా. కుడిది దింపేక బిగించేను" అనెను.

కిటుకంతయు అందే యున్నది. ఆర్ము మూలమున రెండు ఇనుప గొట్టముల నడుమ రబ్బరు అతికిన బుష్షు ఉండును. లోపలి గొట్టమును బోల్టు బిగించి పట్టును, వెలుపలి గొట్టము ఆర్ముతో కదలును. చక్రము లేచినను దిగినను రబ్బరు జారదు, మెలితిరుగును. బోల్టు బిగించినపుడు ఆర్ము ఏ స్థితిలో నున్నదో అదియే రబ్బరునకు విశ్రాంతిస్థానము. చక్రము వ్రేలాడుచుండగా బిగించినచో, కారు నేలపై నిలిచినంతసేపును ఆ రబ్బరు వడిపెట్టిన నులకత్రాడువలె తిరుగబడి ఆర్మును క్రిందికి త్రోయుచు, బండిని పైకి లేపుచుండును. ఎత్తు చెడుటయే కాదు, ఎడతెగని మెలిక వలన క్రొత్త బుష్షు త్వరలోనే చినిగిపోవును.

కారును గోతిపైకి నడిపి, చక్రములు నేలపైననే యుండగా, కుర్రవాడు గోతిలోనికి దిగి ఎడమ బోల్టులు వదులు చేసెను. కేవలము జాకీ నమ్ముకొని కారు క్రింద దూరుట ప్రాణాంతకము. ఆ పని ఎవరును చేయరాదు. రెండవ బోల్టు వదులైనపుడు కీచుమను చిన్న శబ్దముతో ఎడమప్రక్క దిగినది. కారును ముందువెనుకలకు నడిపి, బానెట్టును నాలుగైదుమారులు అదిమి, మరల బిగించి కొలువగా ఎడమ 36.2, కుడి 35.7. మిగిలిన అయిదు మిల్లీమీటర్ల తేడా పెక్కు కార్లలో సహజము. ఖర్చైనది గంటసేపు పని మాత్రమే.

రబ్బరు ముక్క సంగతి చెప్పవలెను. పాత అంబాసిడరు కారునకు ముందువైపు టార్షను బార్లుండెడివి. ఆ కడ్డీ అమరికను మార్చి ఎత్తు సరిచేయు అలవాటు పెద్ద మెకానిక్కులకు కలదు. ఇప్పటి చుట్టస్ప్రింగు కార్లలో సాధారణముగా అట్టి వీలు లేకపోవుటచే ఆ కోరిక రబ్బరు ముక్కగా మారినది. ముక్క దూర్చిన చుట్లు పనిచేయవు, మిగిలిన చుట్లపై భారము పెరుగును, స్ప్రింగు ఆ ప్రక్క గట్టిపడును. ఈ టాక్సీకి కుడివైపు ముక్క దూర్చియుండినచో కారు చూపునకు సమముగనే నిలిచెడిది. లోపల మాత్రము ఎడమ బుష్షు మెలిక అట్లే, కుడి స్ప్రింగు గట్టితనము అదనము. నాలుగు చక్రములపై బరువు తప్పుగా పంచబడిన కారునకు తడిరోడ్డుపై బ్రేకు వేసినచో, తేలికయైన చక్రము ముందుగా పట్టుకొని జారును. అనంతగిరి మలుపులలో వానకాలమున దాని యర్థమేమో ఆ డ్రైవరునకు మేము చెప్పనక్కరలేకపోయెను.

మేస్త్రి జీతము మాట మరి యెత్తలేదు. వృద్ధుడు మాత్రము కుర్రవానిచేత కుడి బోల్టులు కూడ ఒకమారు వదులు చేయించి, బరువుమీద మరల బిగింపించెను. ఎత్తు మారినచో చక్రముల వాలును మారును గనుక వీలు అలైన్‌మెంటు చూపించుకొనుమని యజమానికి చెప్పెను. ఆయన నాలుగు కొలతలను తలుపు లోపలి అంచున పెన్సిలుతో వ్రాసికొని, అలైన్‌మెంటు షాపు మూయకమునుపే చేరవలెనని బయలుదేరెను.