శిశువిద్యయందు శీతకాలము

ఋతువు ననుసరించి పసిపిల్లలకు పాఠము చెప్పవలెనను భావము కిండర్‌గార్టెన్ పద్ధతితోడనే పుట్టినది. ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837వ సంవత్సరమున జర్మనీదేశమందలి బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అను చిన్నపట్టణమున పసిపిల్లల విద్యాశాలను నెలకొల్పి, 1840లో దానికి ‘పిల్లల తోట’ అను నర్థమిచ్చు కిండర్‌గార్టెన్ అను పేరిడెను. ఆ పేరు కేవలాలంకారము కాదు. పిల్లలకు నిజముగనే చిన్నచిన్న మడులు పంచి యిచ్చి, విత్తుట, నీరు పోయుట, కోయుట వారిచేతనే చేయించుట ఆ పద్ధతిలో నొక భాగము. తోట యున్నచోట ఋతువు పాఠము గాక మానదు. తోటపని సాగని చలిదినములకు ఫ్రోబెల్ ఏర్పరచిన చేతిపనులు తగియుండెను: కాగితము మడచుట, కత్తిరించుట, సూదితో చుక్కలు పొడుచుట, నానిన బఠాణీలను పుల్లలతో గ్రుచ్చి ఆకృతులు కట్టుట. 1814 మొదలు రెండేండ్లపాటు బెర్లినులో వైస్ అను పండితునికడ స్ఫటికములను పరిశీలించిన వాడగుటచే, ఆకృతులయందలి క్రమము నెడ ఆయనకు ప్రత్యేకాభిమానము కలదు.

ఐరోపా, ఉత్తరఅమెరికా ఖండములలో ఈ చేతిపనులు క్రమముగా శీతకాలపు పాఠములుగ స్థిరపడినవి. కాగితమును మడచి కత్తిరించి ఆరుకోణముల హిమస్ఫటికమును చేయుదురు. మూడు ఉండలతో మంచుబొమ్మను నిలుపుదురు. చేతి తొడుగులను జతపరతురు. ఆకులు రాలిన చెట్లకు గింజలు కట్టి పక్షులను పిలుతురు. వీనిలో ప్రతిదానికి నొక ప్రయోజనము కలదు. కాగితపు మడత సమరూపతను, ఉండల పరిమాణము చిన్నపెద్దల వరుసను, చేతి తొడుగు కుడియెడమల భేదమును జతల లెక్కను, గింజల పని భూతదయను నేర్పును. పైగా ఆ పిల్లలు తరగతిగది తలుపు తెరవగనే పాఠములోని వస్తువు వారి కాళ్లక్రింద కనబడును. చేతిలోని వస్తువు, నోటిలోని మాట, ఒంటికి తగులు అనుభవము అచ్చట నొక్కటే.

నేడు తెలుగునాట పట్టణములందలి పెక్కు శిశుతరగతులలో డిసెంబరు మాసమున ఈ పనులే యథాతథముగ జరుగుచున్నవి. నీలికాగితముపై దూదిని అంటించి మంచు కురిసిన దనుచున్నారు. ఇది పరదేశపు వస్తువు కావున కూడదని వాదించుట నా యుద్దేశము కాదు. పిల్లవాని మనస్సులో మాటకును వస్తువునకును గల ముడి ఇచ్చట ఏమగుచున్నదనునదే విచారణీయము.

తెలుగున ‘మంచు’ అను మాట మిక్కిలి విశాలమైనది. ఉదయమున గడ్డిపై నిలుచు బిందువు మంచే. పొలముల మీద కమ్ముకొని దారి కనబడనీయనిదియు మంచే. హిమాలయములపై పేరుకొనిన తెల్లని రాశియు మంచే. మంచు కురియును, మంచు పట్టును, మంచు విడుచును అను క్రియలన్నియు తెలుగుపల్లెలో పొగమంచునకు, రాత్రి పడు తడికి చెల్లుచున్నవి. సంస్కృతమునందును ఇట్టి కలయిక లేకపోలేదు. హిమము, తుషారము, నీహారము, తుహినము, ప్రాలేయము మున్నగువానిని అమరకోశము ఏకార్థకములుగ పేర్కొన్నది. పెద్దవారు సందర్భమును బట్టి అర్థమును వేరుచేసికొందురు. నాలుగేండ్ల శిశువునకు సందర్భ మనగా దాని యనుభవమే. కావున ఉపాధ్యాయిని దూదిని చూపి ‘మంచు కురియుచున్నది’ అన్నప్పుడు, తెల్లవారుజామున బయటికి వచ్చి తల తడుపుకొనిన శిశువు చిక్కున పడును. తనకు తెలిసిన మంచు చేతికి చిక్కదు, ఉండగా కట్టబడదు. ఆకాశమునుండి గడ్డకట్టిన నీరు పడుట ఆ శిశువు చూచియుండినచో, అది వడగండ్ల రూపముననే యుండును. ఆ వడగండ్లు తెలుగునాట ఎక్కువగా మార్చి మొదలు మే వరకు గాలివానలలో పడును. అనగా మన పిల్లలకు మింటినుండి పడు మంచుగడ్డ ఎండకాలపు వస్తువు.

ఋతువుల లెక్కయందును ఇట్టి చిక్కే కలదు. శీతలదేశపు బొమ్మలపుస్తకమున ఋతువులు నాలుగు. మన పంచాంగమున ఆరు. మార్గశిర పుష్యములు హేమంతము, మాఘ ఫాల్గునములు శిశిరము. ఇంటిలో అవ్వ చెప్పు కాలములు మూడే: ఎండకాలము, వానకాలము, చలికాలము. శిశుతరగతికి అవ్వ లెక్క తగినది. అది ఒంటికి తెలియు లెక్క. ఆరు ఋతువులు పై తరగతులకు నిలువవచ్చును. శివరాత్రికి చలి ‘శివశివా’ యని పోవునను సామెత యొక్కటి చాలును, చలికాలమునకు ముగింపు కలదని శిశువునకు తెలుపుటకు.

ఇక తెలుగుదేశపు శీతకాలమున శిశుతరగతికి పనికివచ్చు సామగ్రి యెంత కలదో చూతము. మొదటిది వెలుగునీడలు. రాజమహేంద్రవరము, హైదరాబాదు లున్న అక్షాంశమున డిసెంబరు చివర పగలు సుమారు 11 గంటలు. జూన్ చివర సుమారు 13 గంటలు. ఆవరణలో ఒక మీటరు కర్రను నిలిపినచో డిసెంబరు నాలుగవ వారమున నడిమధ్యాహ్నపు నీడ సుమారు 85 సెంటీమీటర్లుండును. మే నెలలో సూర్యుడు నడినెత్తికి వచ్చు దినమున ఆ నీడ యించుమించు మాయమగును. శిశువునకు సెంటీమీటరుతో పనిలేదు. నెలకొకసారి నీడ కొసను సుద్దతో గుర్తించి, అది పెరిగినదో తరిగినదో తన అడుగులతో కొలిచిన చాలును. చలికాలమున సూర్యుడు వాలి నడచునను సత్యమును ఆ శిశువు తన పాదములతోనే తెలిసికొనును.

రెండవది మంచుబిందువు. చేమయాకుపై దొరలు నీటిబొట్టును చూపి, చల్లనినీటితో నింపిన లోటాపై చెమ్మ చేరుటను చూపి, పలకపై నోటియావిరిని ఊదించినచో, గాలిలో కానరాని నీరు చల్లదనము తగిలి కానవచ్చుచున్నదని మాటలు లేకయే బోధపడును. మంచు అను పదమునకు గట్టి పునాది ఇదియే.

మూడవది ముగ్గు. దీనిని గూర్చి కొంత విపులముగ చెప్పవలసియున్నది. ధనుర్మాసపు వాకిటిముగ్గులలో చుక్కలు పెట్టు విధములు ప్రధానముగ రెండు. పై వరుస చుక్కకు సూటిగ క్రింది వరుస చుక్కను పెట్టినచో ఎదురుచుక్క. రెండు చుక్కల సందున పెట్టినచో సందుచుక్క. సందుచుక్కను 3 మొదలు 2 వరకు పెట్టినచో వరుసలు 2, 3, 2 అగును. మొత్తము 7 చుక్కలు. అనగా నడుమ నొకటి, దాని చుట్టును ఆరు. 5 మొదలు 3 వరకు పెట్టినచో 3, 4, 5, 4, 3, మొత్తము 19. 7 మొదలు 4 వరకైనచో 37. ప్రతి చుట్టునకు వరుసగా 6, 12, 18 చుక్కలు చేరుచుండును. ఈ చుక్కల హద్దు ఆరుమూలల ఆకృతి. హిమస్ఫటికము ఆకృతియు నిదియే. మంచురేకునకు ఆరుకోణములే యేల యుండవలెనని జర్మన్ ఖగోళవేత్త కెప్లర్ 1611లో ఒక చిన్న పుస్తకము వ్రాసి, గోళములను సాధ్యమైనంత తక్కువ సందుతో పేర్చు విధమును విచారించెను. మంచుగడ్డలో నీటి అణువులు షట్కోణక్రమమున అమరుటయే దానికి కారణమని తరువాతి శాస్త్రము తెలిపినది. కాగితపు హిమస్ఫటికము ద్వారా మన శిశువునకు నేర్పగోరు షట్కోణ సమరూపత తన ఇంటి వాకిటనే యున్నది. దానిని తల్లియో అక్కయో ప్రతిదినము తెల్లవారకముందే వేయుచున్నది. చింతగింజలతో 7 చుక్కల సందుచుక్కను పేర్చించుట నాలుగేండ్ల శిశువునకు సాధ్యము. అయిదేండ్ల శిశువు 19 పేర్చగలదు. తప్పుపోయిన గింజను కన్నే పట్టియిచ్చును, ఉపాధ్యాయిని పలుకనక్కరలేదు.

ముగ్గునుండి వ్రాత కొక దారి కలదు. తెలుగులిపి గుండ్రని లిపి. ర, ఠ, అనుస్వారము మొదలుగ అన్నింటను వంపే ప్రధానము. చుక్కల చుట్టును తిరుగు మెలికముగ్గులో చేయి ఆగక, ఎత్తక వంపు తిరుగుట నేర్చును. తెలంగాణమున సంక్రాంతికి చేయు సకినాలును ఇట్టివే. బియ్యపుపిండిలో నువ్వులు, వాము కలిపి, తడిపిన పిండిని వ్రేళ్ల నడుమనుండి సన్నగ జార్చుచు గుడ్డపై వలయములోపల వలయముగ చుట్టుదురు. తినుబండారముగ చేయుట పెద్దల పనియే యైనను, బంకమట్టిని త్రాడువలె పేని ఆ వలయములను చుట్టుట శిశువులకు చక్కని వ్రేళ్లసాధన. అక్షరము దిద్దుటకు ముందు చేయవలసిన పని యిదియే.

నాలుగవది ప్రాణికోటి. చలిదేశమున చెట్టుకు గింజలు కట్టు పనికి సాటియైనది మనకును కలదు. కోతలైన పిదప వరికంకులను కుచ్చులుగ అల్లి చూరునకు వ్రేలాడదీసి పిచ్చుకలను పిలుచుట కోస్తా పల్లెలలో వాడుక. బియ్యపుపిండి ముగ్గు చీమలకు ఆహారము. పులికాట్ సరస్సునకు ఈ కాలమున ఫ్లెమింగోలు వచ్చును. నేలపట్టున గూడబాతులు గూళ్లు కట్టును. ఆ ప్రాంతముల శిశుతరగతులకు అంతకు మించిన బొమ్మలపుస్తకము వేరొకటి యుండదు. రేగుపండ్లు, చెరకుముక్కలు, నానిన శనగలు, బంతిరేకులు, గుమ్మడిపూలు పోగుపోసి రంగు, రుచి, పరిమాణములను బట్టి వేరుచేయించవచ్చును. భోగినాడు పసిపిల్లల తలపై పోయు భోగిపండ్లలో ఇవి పెక్కు చేరును గనుక వీనిని పిల్లలు ఎరుగుదురు. సంక్రాంతి బొమ్మలకొలువు కథనమునకు తగిన సాధనము. ఏటికొప్పాక లక్కబొమ్మలనో, కొండపల్లి పొనికికర్ర బొమ్మలనో మెట్లపై అమర్చి, ఏది దేని ప్రక్కన ఏల యున్నదో చెప్పుమన్నచో శిశువు వాక్యము కూర్చుట నేర్చును.

ఇచ్చట ఒక జాగ్రత్త యవసరము. తరగతిలో అన్ని మతముల పిల్లలును కూర్చుందురు. పూజ ఇంటిది, చుక్క, వలయము, గింజ, పూవు తరగతివి. క్రిస్మసునకు వెదురుబద్దలతో కట్టు నక్షత్రదీపము సైతము అదే కాలపు వస్తువు. దాని కోణములను లెక్కించుటయు పాఠమే. ఆచారమును పాఠముగ మార్చక, ఆచారములోని వస్తువును గ్రహించినచో ఏ శిశువును వెలియైనట్లు భావింపదు.

తెలుగుదేశ మంతటికి ఒకే శీతకాలము లేదనుటయు మరువరాదు. లంబసింగి, అరకు, ఆదిలాబాదు ప్రాంతములందు ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు పోవు రాత్రులు కలవు; అచ్చట నెగడు, కుంపటి, కంబళి సహజమైన పాఠములు. కృష్ణాగోదావరుల సముద్రతీరమున జనవరి రాత్రులును అంత చల్లనివి కావు. నెల్లూరు సీమలో అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనపు వానలే యధికము. అచ్చటి శిశువు డిసెంబరులో గొడుగును గీసినచో తప్పనరాదు. షికాగోలోనో టొరాంటోలోనో పెరుగు తెలుగుశిశువునకు మంచనగా నిజముగ తెల్లని రాశియే. ఆ బిడ్డ మంచుబొమ్మను చేయుచు పెద్ద ఉండ, చిన్న ఉండ యని తెలుగున చెప్పినచో, అదియే ఉత్తమమైన తెలుగుపాఠము. సూత్ర మొక్కటే; వస్తువు స్థలమును బట్టి మారును.

మరి మన శిశుతరగతిలో హిమపాతమును చెప్పనే కూడదా? చెప్పవచ్చును, చెప్పవలెను. కాని అది రెండవ మెట్టు. మంచుగడ్డను పళ్లెములో నుంచి అది కరగుటను చూపి, వడగండ్లను జ్ఞాపకము చేసి, ‘మన ఊర చలికి నీరు గడ్డకట్టదు, దూరమున కొన్ని ఊళ్లలో మిక్కిలి చలి గనుక నీరు మింటనే గడ్డకట్టి రేకులై పడును’ అని కథగా చెప్పినచో, దూదియు అప్పుడు అర్థవంతమగును. తెలిసినదానినుండి తెలియనిదానికి పోవుట విద్యాపద్ధతి; తెలియనిదానితో మొదలిడినచో తెలిసినదియు చెదరును.

దీనిలో భాషాభిమానులు గమనింపదగిన విషయ మొకటి కలదు. చలి, చలిమంట, చలిపందిరి, చలిది యను పదములు ఒకే కుటుంబమువి. చలిది ‘చద్ది’యై ఉదయపు భోజనమునకు పేరైనది, చలిపందిరి వేసవి బాటసారికి దాహము తీర్చునది. నెగడు, కుంపటి, సందుచుక్క వంటి మాటలు నిఘంటువులో నుండుటచే బ్రతుకవు. అయిదేండ్లలోపు నోళ్లలో పడుటచే బ్రతుకును. 2020 జాతీయ విద్యావిధానము మూడేండ్లు మొదలు ఎనిమిదేండ్ల వరకు గల దశను పునాదిదశగ గుర్తించి, సాధ్యమైనంతవరకు ఇంటిభాషలో బోధన జరుగవలెనని చెప్పినది. కాని ఇంటిభాషను తరగతిలోనికి తెచ్చి ఇంటి ఋతువును బయట నిలిపినచో ఆ యాశయము సగమే నెరవేరును. శిశువు తాను చూచిన దానికి పేరు, పేరు విన్నదానికి చూపు రెండును పొందినప్పుడే మాట దాని సొంతమగును. అందులకు కావలసినవి ఏడు చింతగింజలు, ఒక చేమయాకు, ఆవరణలో నాటిన ఒక కర్ర. ఇవి లేని పాఠశాల తెలుగునాట లేదు.