ముంబైలో తాళం వేసిన ఇళ్ళు 4.8 లక్షలు

2011 జనగణనలో ముంబై ఇళ్ళను లెక్కపెట్టినప్పుడు సుమారు 4.8 లక్షల ఇళ్ళు ఖాళీగా తేలాయి. దేశంలో మరే నగరంలోనూ ఇన్ని లేవు. ఆ తర్వాత నిలిచిన ఢిల్లీ, బెంగళూరుల్లో తలా మూడు లక్షలు. అదే జనగణన ప్రకారం ముంబై జనాభా కోటీ 24 లక్షలు, వాళ్ళలో మురికివాడల్లో ఉంటున్నవారు 52 లక్షలు. ఇంటికి నలుగురి చొప్పున సర్దినా ఆ ఖాళీ ఇళ్ళు దాదాపు పంతొమ్మిది లక్షల మందికి సరిపోతాయి. కానీ అవి వాళ్ళ స్తోమతకు అందే ఇళ్ళు కావు. చాలా వాటిని కొన్నవాళ్ళకు కూడా అందులో కాపురం పెట్టే ఉద్దేశం లేదు, ధర పెరిగితే చాలు.

మరి అద్దెకైనా ఇవ్వొచ్చుగా అంటే, అక్కడొక పాత భయం అడ్డుపడుతుంది. 1947 నాటి బొంబాయి అద్దెల చట్టం అద్దెలను 1940 సెప్టెంబరు నాటి స్థాయిలో కట్టిపడేసింది. యుద్ధకాలపు ఇక్కట్లకు చేసిన ఏర్పాటు యుద్ధం ముగిసిన అర్ధశతాబ్దం దాకా సాగింది. 1999లో కొత్త చట్టం వచ్చినా పాత కిరాయిదారులు పెద్దగా కదల్లేదు. దక్షిణ ముంబైలో నెలకు కొన్ని వందలు మాత్రమే కట్టే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. పగ్డీ అనే పద్ధతిలో ఒక్కసారి పెద్ద మొత్తం ముట్టజెప్పి తరతరాలుగా ఉంటున్నవాళ్ళు వీళ్ళు. వచ్చే అద్దె సున్నం వేయించడానికి కూడా చాలదు కాబట్టి యజమాని భవనం వైపు తిరిగి చూడడు. 1969లో ప్రభుత్వమే మరమ్మతుల బోర్డు పెట్టి, సెస్సు వసూలు చేసి, 19,642 పాత భవనాల బాగోగులు నెత్తికెత్తుకుంది. ఇప్పటికీ ప్రతి వానాకాలం ముందు అతి ప్రమాదకర భవనాల జాబితా వేస్తారు. ఆ జాబితాలో పేరున్న భవనంలోనే రాత్రికి పక్కలు పరుచుకునే జనం ఉంటారు. ఈ అవస్థ కళ్ళారా చూసినవాళ్ళు కొత్త ఫ్లాటు కొంటే, అద్దెకిచ్చి చిక్కుల్లో పడడం కంటే తాళం వేసుకోవడమే మేలనుకున్నారు.

గుడిసెల చోట అరవై అంతస్తులు

తాడ్‌దేవ్‌లోని ఇంపీరియల్ జంట టవర్లు 2010లో పూర్తయ్యాయి. ఎత్తు 250 మీటర్ల పైమాటే. కొన్నేళ్ళ పాటు దేశంలో అత్యంత ఎత్తైన భవనాలు ఇవే. అవి లేచిన నేల ఎం.పి. మిల్స్ కాంపౌండ్ అనే మురికివాడ. 1995లో మొదలైన మురికివాడల పునర్నిర్మాణ పథకంలో బిల్డరు గుడిసెవాసులకు ఉచితంగా ఇళ్ళు కట్టివ్వాలి, అందుకు బదులుగా అదే స్థలంలో అమ్ముకోవడానికి అదనపు అంతస్తులు లేపుకోవచ్చు. ఉచిత ఇల్లు మొదట 225 చదరపు అడుగులు, తర్వాత 269, ఇప్పుడు 300. స్థలం విలువ ఎంత ఎక్కువైతే బిల్డరు అంత చురుగ్గా కదులుతాడు. తాడ్‌దేవ్‌లో పథకం పరుగులు తీసి, ఊరి చివర గోవండీలో ఈడుస్తూ నడిచిందంటే కారణం అదే.

ఆ ఇళ్ళకు అవతలి కొస అల్టామౌంట్ రోడ్డులోని ఆంటిలియా. 27 అంతస్తులు, 173 మీటర్లు, సుమారు 4 లక్షల చదరపు అడుగులు, 168 కార్లకు చోటు, ఒకే కుటుంబం. 300 అడుగుల ఉచిత ఇళ్ళ కొలతతో భాగిస్తే పదమూడు వందల ముప్పై మూడు ఇళ్ళు. ఇలాంటి భాగహారం చేయడం అన్యాయమని కొందరంటారు. ముంబైలో ఇంటి సంగతి మాట్లాడాలంటే అంతకు మించిన కొలబద్ద నాకు దొరకలేదు.

నూట అరవై అడుగుల గది

1920ల్లో గవర్నర్ జార్జ్ లాయిడ్ హయాంలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ మిల్లు కార్మికుల కోసం కట్టినవి బీడీడీ చాల్‌లు. వర్లీలో 121, నయ్‌గావ్‌లో 42, ఎన్.ఎం. జోషి మార్గ్‌లో 32, శివ్‌డీలో 12, మొత్తం 207 భవనాలు. ఒక్కో భవనంలో 80 గదులు. నడుమ పొడవాటి నడవ, అటు పది, ఇటు పది, అంతస్తుకు ఇరవై. మరుగుదొడ్లు అందరికీ కలిపే. గది 160 చదరపు అడుగులు. పొయ్యి, మంచం, దేవుడి పటం, పిల్లల చదువు అన్నీ అందులోనే, రాత్రయితే మగవాళ్ళ పక్కలు నడవలోకి. నేటి అపార్టుమెంటు సెల్లారులో ఒక పెద్ద కారుకు గీసే గడి దాదాపు 150 అడుగులు ఉంటుంది.

ఈ మిల్లు పేటల్లో తెలంగాణ నుంచి వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. వాళ్ళకంటే ముందే, పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచే, ఆ నగరానికి రాళ్ళు మోసి గోడలు లేపిన తెలంగాణ కామాటీల పేరు మీదే కామాఠీపురా వెలిసింది. అంబేడ్కర్ కూడా పరేల్‌లోని ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు చాల్‌లో 50, 51 నంబర్ల రెండు చిన్న గదుల్లో రెండు దశాబ్దాలకు పైగా ఉన్నారు. ఆయన రాతకోతలకు అందులో ఒక గది. ముంబైలో సగానికి పైగా కుటుంబాలది ఒక్క గది కాపురమే అని 2011 లెక్కలు చెప్పాయి. బీడీడీ చాల్‌లను ఇప్పుడు పడగొట్టి, పాత కాపురస్థులకు 500 అడుగుల ఫ్లాట్లు ఉచితంగా ఇస్తున్నారు. వర్లీలో తొలి విడత తాళాలు 2025 ఆగస్టులో అందాయి.

విశాఖ అగ్రస్థానం

ధారావిని ‘ఆసియాలో అతిపెద్ద మురికివాడ’ అనడం పత్రికలకు అలవాటు. కరాచీలోని ఓరంగీ అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది. ముంబైలోనే మాన్‌ఖుర్ద్–గోవండీ వైపు పరుచుకున్న వాడలు ధారావిని మించాయంటారు. ఆ వైపు 1927 నుంచి నగరం చెత్తను మోస్తున్న దేవ్‌నార్ డంపింగ్ యార్డు ఉంది. 2009 ముంబై మానవాభివృద్ధి నివేదికలో ఈ ప్రాంతం ఉన్న ఎం-ఈస్ట్ వార్డు సూచీ 0.05, అన్ని వార్డుల్లోకి అట్టడుగు. అయినా ఫొటోలకు వచ్చేవాళ్ళంతా ధారావికే పోతారు, అది బాంద్రా పక్కనే ఉంది కదా.

అసలు వింత ఇంకొకటి. పది లక్షలు దాటిన నగరాల్లో మురికివాడల కుటుంబాల శాతం చూస్తే 2011లో మొదటి స్థానం ముంబైది కాదు, విశాఖపట్నానిది: 44.1 శాతం. తర్వాత జబల్‌పూర్ 43.3, ముంబై 41.3, నాలుగో స్థానంలో మన విజయవాడ 40.6. విశాఖ కొండవాలు కాలనీలు గోవండీ కంటే అధ్వానమా? కానే కాదు. ఏది మురికివాడ అన్నది చాలావరకు ప్రభుత్వం నోటిఫై చేసినదాన్ని బట్టి ఉంటుంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ధారాళంగా నోటిఫై చేసిన రాష్ట్రం. వాడలో పక్కా ఇళ్ళు లేచినా, కుళాయిలు వచ్చినా జాబితాలో పేరు అలాగే ఉండిపోతుంది. ముంబైలో చూడండి, 2001లో 54 శాతం ఉన్న మురికివాడల జనాభా 2011కి 42 శాతమైంది. పన్నెండు లక్షల మంది పదేళ్ళలో మేడలెక్కేశారని నేనైతే నమ్మను.

తగ్గిన నగరం, పెరిగిన జిల్లా

దేశంలో అందరూ ముంబైకి పోతున్నారనుకుంటాం. నగరంలోని పాత దక్షిణ భాగమైన ముంబై సిటీ జిల్లా జనాభా మాత్రం 2001లో 33.4 లక్షలు ఉండగా 2011లో 30.9 లక్షలకు తగ్గింది. మిల్లులు మూతపడ్డాయి, ఆ స్థలాల్లో మాల్స్, ఆఫీసులు వచ్చాయి, జనం లోకల్ రైలు పట్టాల వెంట విరార్, కల్యాణ్ వైపు సర్దుకున్నారు. ఆ రైళ్ళలో రద్దీ వేళ చదరపు మీటరుకు 14 నుంచి 16 మంది నిలబడతారు. దీనికి రైల్వేవాళ్ళు ‘సూపర్ డెన్స్ క్రష్ లోడ్’ అని పేరు కూడా పెట్టుకున్నారు.

అలా ఊరి బయటికి పోయినవాళ్ళతో నిండి, 2011లో ఠాణే జిల్లా 1 కోటీ 10 లక్షల 60 వేల మందితో దేశంలోకెల్లా జనాభా ఎక్కువ ఉన్న జిల్లాగా రికార్డులకెక్కింది. 2014 ఆగస్టు 1న దాన్నుంచి పాల్ఘర్‌ను విడదీసి కొత్త జిల్లా చేశారు. అదే 2011 లెక్కల్ని కొత్త సరిహద్దులతో చూస్తే ఠాణేలో మిగిలింది సుమారు 80 లక్షలు, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర 24 పరగణాలు కోటీ 10 వేలతో ముందుకు వచ్చింది.