ముల్లు మధ్యకొస్తేనే కిక్కు

నరసరావుపేటలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో, మిరపకాయల మీద కప్పే పాత పట్టా కింద తాతయ్య బుల్లెట్టు 16 ఏళ్లు పడి ఉంది. పట్టా లాగి చూస్తే హ్యాండిల్ మీద పిచ్చుక గూడు, సీటులో ఎలుకల కాపురం. హెడ్‌లైటు పైన స్పీడోమీటరు పక్కనే రూపాయి బిళ్లంత గాజు బిళ్ల ఒకటి, అందులో సన్నటి ముల్లు. ఆంపియర్ మీటరు అది. బండి తీసేటప్పుడు తాతయ్య ముందు ఆ ముల్లునే చూసేవాడు. కిక్కును పాదంతో మెల్లగా అదుముతూ, ముల్లు మధ్యకు రాగానే ఆగేవాడు. ఎడమచేతి దగ్గరి చిన్న మీట నొక్కి, కిక్కును ఇంకాస్త దించి, మీట వదిలేసి, అప్పుడు ఒకే ఒక్క తన్ను. "ముల్లు చూడకుండా తన్నావో, చీలమండ మీద ఆశ వదులుకో" అనేవాడు. దిష్టి తీసినట్టు అదో ఆచారమేమో అనుకునేవాణ్ణి.

ఈ బండి పుట్టిల్లు ఇంగ్లండులోని రెడిచ్ పట్టణం. బుల్లెట్ అనే పేరు 1932 నుంచీ ఉంది. వెనక చక్రానికి స్ప్రింగులున్న 350 సీసీ బండి మాత్రం 1949 నాటిది. సరిహద్దు గస్తీకి పనికొస్తుందని మన సైన్యం 1952లో ఈ బళ్లకు ఆర్డరిచ్చింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది, తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ లేచింది. మొదట విడిభాగాలు ఓడలో వస్తే ఇక్కడ బిగించేవాళ్లు, పోనుపోను అన్నీ ఇక్కడే చేయడం మొదలుపెట్టారు. అదే 1955 డిసెంబరులో నందికొండ దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. సాగర్ కాలువలకు నీళ్లు వదిలిన 1967లోనే రెడిచ్ ఫ్యాక్టరీ మూతపడింది. పుట్టింట దీపం ఆరినా బుల్లెట్టు మెట్టినింట నిలిచింది. మా బండి 1971ది. కుడి కాలువ నీళ్లతో పండిన వడ్లు అమ్మి కొన్నది.

ఆ ఇంజనును దశాబ్దాలపాటు పెద్దగా మార్చకుండా చేస్తూ పోయారు. అది కంపెనీ బద్ధకమో, పొదుపో గానీ నాకు మేలే చేసింది. గుంటూరులో అడగ్గానే పిస్టన్ రింగులు దొరికాయి. పానాల దగ్గర మాత్రం చుక్కలు కనిపించాయి. పాత నట్లు ఇంగ్లీషు అంగుళాల కొలతవి. మన మిల్లీమీటర్ల పానా వేస్తే మూలలు అరిగిపోవడమే తప్ప నట్టు కదలదు. పైగా వాటికి సరిపోయే విట్‌వర్త్ పానా మీద రాసిన అంకె నట్టు తలది కూడా కాదు, లోపలి బోల్టు మందానిది.

ఇంజను పట్టేసింది. సిలిండరు పోత ఇనుము. 16 వానాకాలాల తేమ తగిలి రింగులు దాని గోడకు తుప్పుతో అతుక్కుపోయాయి. తుప్పు తాను తిన్న ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే సందులోనే ఉబ్బి బిగుసుకుంటుంది. సుత్తితో నాలుగు దెబ్బలేస్తే వస్తుందన్నాడొక మేస్త్రీ. నేను ప్లగ్గు విప్పి, ఆ కంతలోంచి డీజిలు, ఇంజనాయిలు సగం సగం కలిపి పోసి, పది రోజులు బండి జోలికి పోలేదు. పల్చటి నూనె వెంట్రుకవాసి సందులో కూడా దీపం వత్తిలోకి ఎక్కినట్టు పాకుతుంది. పదకొండో రోజు టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఊపితే, కిర్రుమని ఒక అంగుళం కదిలింది. ఆ తర్వాత సిలిండరు విప్పి గోడ తేటచేయించి, కొత్త రింగులు వేశాను.

ట్యాంకుకు బట్టల సోడా వైద్యం. సోడా నీళ్లు నింపి, ట్యాంకు అంచుకు తగలకుండా మూతిలోంచి ఇనుప కడ్డీ వేలాడదీసి, ఛార్జరు ప్లస్సు కడ్డీకి, మైనస్సు ట్యాంకుకు కలపాలి. ట్యాంకు గోడ నుంచి హైడ్రోజన్ బుడగలు లేస్తూ తుప్పును పెచ్చులుగా వదిలిస్తాయి. ఆ వాయువు అంటుకుంటుంది కాబట్టి ఈ పని ఆరుబయటే చేయాలి. కడ్డీ బదులు స్టీలు గరిటె వేయకండి, అందులోని క్రోమియం విషమై నీళ్లలోకి దిగుతుంది. కడిగాక నూనె పట్టించడం ఆలస్యమైతే కళ్లముందే మళ్లీ ఎర్రబడుతుంది. నాకు ఒకసారి అయింది.

అన్నీ బిగించి తాళం తిప్పి కిక్కు అదిమితే ముల్లు కదల్లేదు. బ్యాటరీ కొత్తదే. రెండు రోజులు వైర్లు వెతికాను. దోషం పాయింట్లది. కందిగింజంత లోహపు ముఖాలు రెండు, మధ్యలో బూడిదరంగు పొర. సన్న ఎమరీ కాగితంతో రుద్ది, ఎడం మిల్లీమీటరులో మూడో వంతుకు కాస్త పైన ఉంచి, సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం వాటి మధ్య పెట్టి ఇంజను తిప్పాను. కాగితం పట్టు వదిలి జారిన క్షణమే పాయింట్లు విడివడ్డ క్షణం, నిప్పురవ్వ పడే క్షణం. టైమింగు కట్టడమంటే ఆ క్షణాన్ని సరైన చోట కుదర్చడమే.

తాతయ్య ఆచారం అప్పుడు అర్థమైంది. పాయింట్లు కలిసి ఉన్నప్పుడు 6 వోల్టుల బ్యాటరీ నుంచి కాయిల్‌లోకి కరెంటు పారుతుంది, ముల్లు మైనస్ వైపు ఒరుగుతుంది. పిస్టన్ ఇంధనాన్ని నొక్కుతూ శిఖరానికి చేరబోతుండగా పాయింట్లు విడిపోతాయి, కరెంటు ఆగుతుంది, ముల్లు మధ్యకొస్తుంది. ఇంజను రెండు చుట్లు తిరిగితే ఇది ఒక్కసారే జరుగుతుంది. ఇనుప గోడ వెనక పిస్టన్ ఎక్కడుందో ఆ ముల్లు పైకి చెప్తోందన్నమాట. మీట నొక్కితే ఎగ్జాస్ట్ వాల్వు కాస్త లేచి ఒత్తిడి బయటికి పోతుంది, పిస్టన్‌ను శిఖరం దాటించవచ్చు. అక్కణ్నుంచి తంతే మళ్లీ ఒత్తిడి ఎదురయ్యేలోగా బరువైన ఫ్లైవీలు వేగం పుంజుకుంటుంది. ఆ వేగం చాలకపోతే శిఖరానికి ముందే పేలిన మంట పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది, కిక్కు ఎగిరి చీలమండ చూసుకుంటుంది.

మూడో తన్నుకు అంటుకుంది. పిస్టన్ వెడల్పు 70 మిల్లీమీటర్లు, అది పైకీ కిందికీ నడిచే దూరం 90. నిదానంగా నిమిషానికి 600 చుట్లు తిరిగితే సెకనుకు ఐదు పేలుళ్లు. చెవి ఒక్కోదాన్నీ విడిగా పట్టుకోగలదు. డుగ్గు డుగ్గు అంటామే, అదే.

ఆర్‌సీ కాగితాలు చేతికొచ్చిన రోజు కోటప్పకొండకు బయల్దేరాను. ఘాట్ రోడ్డు ఇంకా రాకముందే గేదె అడ్డమొచ్చింది. అలవాటుగా కుడికాలితో బ్రేకు తొక్కాను. ఈ బండికి బ్రేకు ఎడమ కాలి కింద, గేరు కుడికాలి కింద. కిందికి తొక్కితే పై గేరు పడుతుంది. పడింది. చేతి బ్రేకు ఉండబట్టి ఇద్దరం బతికాం. గేదె నెమరు ఆపలేదు.