బోరు నీళ్లు, పది రూపాయల అర్జీ

కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గనికి 2007లో శంకుస్థాపన జరిగింది. ఖనిజాన్ని శుద్ధి చేశాక మిగిలే వ్యర్థాలు టెయిలింగ్ పాండ్‌కు చేరతాయి. బోరు నీళ్లు చెడి అరటి తోటలు ఎండుతున్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. కారణం తాము కాదంటుంది గనిని నడిపే యురేనియం కార్పొరేషన్.

తేల్చాల్సింది పరీక్షలు. కాలేజీ పిల్లలకు పనున్నది ఇక్కడే.

టీడీఎస్ మీటరును గ్లాసు నీళ్లలో ముంచితే అంకె పడుతుంది. అది కరిగిన లవణాల లెక్కే తప్ప యురేనియం లెక్క కాదు. తాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన యురేనియాన్ని ల్యాబులోనే కొలవాలి. ఈ తేడాను హైస్కూలు పిల్లలకు విడమరిచి, సీసా మీద బోరు లోతు, తేదీ రాయడం నేర్పే సీనియర్లు ఊరికి ఇద్దరున్నా చాలు. వదంతులు సగం తగ్గుతాయి, అధికారులు తప్పించుకునే దారీ మూసుకుపోతుంది.

తర్వాతి పాఠం కాగితాలది. యురేనియం కార్పొరేషన్ లాంటి కేంద్ర సంస్థకు సమాచార హక్కు అర్జీ రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ప్రజాభిప్రాయ సేకరణకు ముందు పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ ఇవ్వాలని 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషనే చెప్పింది. ఊళ్లో ఎందరికి తెలుసు?

విద్యార్థులతో ఏమవుతుందని తీసిపారేయక్కర్లేదు. 2025లో కంచ గచ్చిబౌలి చెట్ల కోసం హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులు రోడ్డెక్కారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరికివేతను ఆపించింది.

పులివెందుల, కడప కాలేజీలు వచ్చే ఎన్‌ఎస్‌ఎస్ శిబిరాన్ని ఈ ఊళ్లలోనే పెట్టాలి.