బ్యాటరీ లేని మోటారు

1913లో కైరో శివారు మాఆదీలో ఫ్రాంక్ షూమన్ అనే అమెరికన్ ఎండ చేత నైలు నీళ్లు తోడించాడు. అద్దాలు తాపిన పొడవాటి దోనెలు ఐదు, ఒక్కొక్కటి 62 మీటర్లు. పొద్దు పడమటికి వాలేకొద్దీ అవీ ఒరుగుతూ, పడ్డ ఎండనంతా నడిమి గొట్టం మీదికి పోగుచేసేవి. గొట్టంలోని నీరు ఆవిరై ఇంజన్ను తిప్పితే, ఇంజను పంపును ఆడించేది. నిమిషానికి 20,000 లీటర్లకు పైగా వచ్చేవి. మొదట బిగించిన జింకు బాయిలర్లు వేడికి ఆగలేకపోతే ఇనుపవి పెట్టుకోవాల్సి వచ్చింది. ఎండ చాలదేమోనని శంకించినవాళ్లకు ఇంతకంటే మంచి జవాబు లేదు!

ఈ ఊహ అప్పటికే పాతది. 1870లలో బొంబాయిలో విలియం ఆడమ్స్ అనే ఆంగ్లేయ ఉద్యోగి అద్దాల వరుసలు నిలబెట్టి, బాయిలర్ కాచి, ఒక పంపు ఆడించాడు. 1878లో దాని మీద పుస్తకం కూడా వేశాడు. షూమన్ దగ్గర అదనంగా ఉన్నది డబ్బు లెక్క. ఈజిప్టులో బొగ్గు లేదు, ఓడల మీద రావాలి. అలాంటి చోట ఎండే చవక. కానీ మరుసటి ఏడాదే ప్రపంచయుద్ధం మొదలైంది, ఇంజనీర్లు ఎవరి దేశానికి వాళ్లు వెళ్లిపోయారు. 1918లో షూమన్ కూడా పోయాడు. తర్వాత చమురు చవకైంది, ఎండ ఇంజన్లను అడిగినవాడు లేడు.

నిజం చెప్పాలంటే ఆ యంత్రం మారుమూల పల్లెకు పనికొచ్చేదీ కాదు. బాయిలర్ ఉన్నచోట దాన్ని కనిపెట్టుకునే మనిషి ఉండాలి. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల సిలికాన్ పలకను చూపించింది. మీద పడ్డ ఎండలో అది కరెంటుగా మార్చింది 6 శాతమే. అయితేనేం, అందులో కదిలే భాగం ఒక్కటీ లేదు. ఖరీదు మాత్రం ఆకాశంలో ఉండేది కాబట్టి ముందు ఉపగ్రహాలకే దక్కింది.

నేల మీది పని దానికి సహారా ఎడారి దిగువన దొరికింది. 1970లలో కరువు పశ్చిమాఫ్రికాను పీల్చి పిప్పిచేసింది. మాలి దేశంలో బెర్నార్డ్ వెర్స్‌పీరెన్ అనే ఫ్రెంచి ఫాదరీ బోర్లు వేయించేవాడు. నీళ్లు పడ్డాయి సరే, పైకి తెచ్చేదెలా? చేతి పంపుకు ఊరంతటి దాహం తీర్చే సత్తువ లేదు. డీజిల్ ఇంజనుకు మట్టి దారుల్లో పీపాలు మోసుకురావాలి, వాల్వు పోతే పట్నం పరుగెత్తాలి. 1977లో నబాసో ఊళ్లో ఆయన సౌర ఫలకాలతో పంపు పెట్టించాడు. అప్పట్లో ఫలకం ఎంత ప్రియమైనా, డీజిల్ చేరని ఊళ్లో డీజిల్‌తో పోటీయే లేదు.

పంపుకూ ఎండకూ కుదిరిన జోడీ చూడండి. దీపానికైతే రాత్రి కోసం కరెంటు దాచాలి, బ్యాటరీ కావాలి. పంపుకు ఆ బాధ లేదు. పగలు తోడి ఎత్తు మీది ట్యాంకు నింపితే చాలు, దాచుకున్నది నీరే. పొద్దున మోటారు నెమ్మదిగా కదులుతుంది, మిట్టమధ్యాహ్నం ఉరుకుతుంది, మబ్బు పడితే నీరసిస్తుంది. మామూలు మోటారు ఈ ఎగుడుదిగుళ్లకు మొరాయిస్తుంది కనుక మధ్యలో కంట్రోలర్ ఉంటుంది. ఆ క్షణాన ఫలకాలు ఇవ్వగలిగిన గరిష్ఠ శక్తిని వెతికి, దానికి తగ్గట్టు మోటారు వేగాన్ని మారుస్తుంది.

ఇంతకీ ఒక ఊరికి ఎన్ని ఫలకాలు కావాలి? వెయ్యి లీటర్లను ఒక మీటరు ఎత్తడానికి 2.7 వాట్-గంటలు చాలు. 30 మీటర్ల లోతు నుంచి రోజుకు 20,000 లీటర్లంటే సుమారు 1,600. మోటారు, గొట్టాల నష్టాలు కలిపి 4,000 అనుకుందాం. రోజుకు ఐదు గంటల నిండు ఎండ ఉన్నచోట 800 వాట్ల ఫలకాలతో సరి. మనిషికి 40 లీటర్ల చొప్పున 500 మంది వాడుక అది. ఇస్త్రీ పెట్టె లాగేపాటి కరెంటు!

పొలాల సంగతి అంత సులువు కాదు. త్రీఫేజు కోసం అర్ధరాత్రి టార్చి పట్టుకుని బోరు దగ్గరికి వెళ్లిన తెలుగు రైతుకు పగటి మోటారు ఎంత మేలో వేరే చెప్పాలా? ఇలాంటి మోటార్లకు రాయితీ ఇచ్చేందుకు కేంద్రం 2019లో కుసుమ్ పథకం తెచ్చింది. అయితే ఒకసారి బిగించాక ఎండకు బిల్లు రాదు. బిల్లు లేని మోటారును ఆపాలని ఎవరికి తోస్తుంది? భూగర్భజలం అడుగంటిన చోట ఇదే నా భయం.

గుజరాత్ ఖేడా జిల్లా ఢుండీ గ్రామ రైతులు దీనికి ఒక దారి పట్టారు. ఆరుగురు కలిసి సహకార సంఘం పెట్టుకుని, సోలార్ మోటార్లను 2016లో గ్రిడ్‌కు కలిపారు. తడి పెట్టాల్సిన రోజు నీళ్లు తోడతారు. మిగతా రోజుల్లో మోటారు ఆపి, ఆ కరెంటును విద్యుత్ సంస్థకు అమ్ముతారు.