పులికాట్ ఒడ్డున సింహావలోకనం: అపోహలు – వాస్తవాలు

ఆఫీసులో ‘రెట్రో మీటింగ్’ అనగానే చాలామందికి గుండె గుబేలుమంటుంది. నిజానికి అది, చేసిన పనిని అందరూ కూర్చుని ఒకసారి తిరిగి చూసుకోవడమే. దానికి మనకు ఎప్పటినుంచో చక్కని మాట ఉంది: సింహావలోకనం. దీని వెంటే వినిపించే మరో మాట ‘ప్యాటర్న్’. పదే పదే ఎదురయ్యే చిక్కుకు పలుచోట్ల పనికొచ్చిన పరిష్కారం అన్నమాట. ఈ రెండింటి చుట్టూ అల్లుకున్న అపోహలను విడదీయడానికి పులికాట్ సరస్సుకు మించిన చోటు నాకు తోచలేదు. సరస్సుకూ సముద్రానికీ నడుమ, రాకెట్లు ఎగిరే శ్రీహరికోట ఉంది. దక్షిణపు కొసన, పళవేర్కాడు వైపు, జాలరి పల్లెలున్నాయి.

అపోహ: వెనక్కి చూడటమంటే తప్పు చేసినవాణ్ణి పట్టుకోవడం.

వాస్తవం: 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన తొలి ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ ఐదు నిమిషాల పైచిలుకులోనే బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. ప్రయోగానికి ముందు కంప్యూటర్ ఆగమంది. ఫరవాలేదని నిపుణులు అన్నారు. కంప్యూటర్‌ను పక్కనపెట్టి ముందుకు వెళ్లానని తర్వాత కలామే చెప్పారు. నింద మోపాలనుకుంటే అంతకన్నా సులువుగా దొరికే మనిషి ఎవరు? కానీ ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ విలేకరుల ముందు తానే నిలబడి బాధ్యత నెత్తిన వేసుకున్నారు. లోపల కారణం కోసం వెతికారు. రెండో దశను అదుపు చేసే వ్యవస్థలో ఒక వాల్వు మూసుకోక నైట్రిక్ ఆమ్లం కారిపోయిందని తేలింది. 1980 జూలై 18న కలాం నాయకత్వంలోనే ఎస్‌ఎల్‌వి-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు మాత్రం విలేకరుల దగ్గరికి ధావన్ కలాంను పంపారు.

ఈ కథను మనం ధావన్ పెద్దమనసుకు గుర్తుగా చెప్పుకుంటాం. నాకు అందులో అంతకుమించిన పనితనం కనిపిస్తుంది. నోరు విప్పితే ఉద్యోగం పోతుందని భయపడేచోట ఆ వాల్వు సంగతి ఎవరు చెబుతారు? సాఫ్ట్‌వేర్ బృందాల సింహావలోకనాల మీద 2001లో పుస్తకం రాసిన నార్మన్ కెర్త్ కూడా మొట్టమొదట పెట్టిన నియమం ఇలాంటిదే: అప్పటికి తెలిసినంతలో ప్రతి ఒక్కరూ చేతనైనంత చేశారని నమ్మి కూర్చోవాలి.

అపోహ: ఒకసారి సమీక్షిస్తే చిక్కు తీరిపోవాలి. తీరకపోతే సమీక్ష దండగ.

వాస్తవం: 1987 మార్చి 24న ఏఎస్‌ఎల్‌వి రాకెట్ తొలి ప్రయోగంలో పక్క మోటార్లు మండిపోయాక ప్రధాన మోటారు అంటుకోలేదు. దాన్ని సరిచేశారు. 1988 జూలై 13న అది అంటుకుంది, రాకెట్ అదుపు తప్పింది. పైనున్న లోపాన్ని తీశాకే అడుగునున్నది బయటపడింది. మూడో ప్రయోగం 1992 మే 20న గానీ జరగలేదు. మినిట్స్ బుక్‌లో సంతకాలు పెట్టి లేచిపోయేవాళ్లకు ఆ నాలుగేళ్ల ఓపిక అర్థం కాదు.

అపోహ: ప్యాటర్న్‌లు అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీల సరుకు.

వాస్తవం: ఆ మాటకు ప్రాచుర్యం తెచ్చింది క్రిస్టఫర్ అలెగ్జాండర్ అనే వాస్తుశిల్పి. ఇళ్లూ ఊళ్లూ ఎలా కట్టుకోవాలో 253 ప్యాటర్న్‌లుగా 1977లో పుస్తకం వేశాడు. కంపెనీలు దాన్ని తర్వాత అందుకున్నాయి. ఆ పేరేదీ లేకుండానే పులికాట్ జాలర్లు అలాంటి పనే చేస్తూ వచ్చారు.

సరస్సులో రొయ్య బాగా పడే చోట్లు కొన్నే. వల వేయాల్సినవాళ్లు ఎక్కువమంది. పట్టినవర్ కులపు జాలర్లు దీనికి ‘పాడు’ అనే ఏర్పాటు చేసుకున్నారు. తెలుగులో ఆ మాట చెడిపోవడమనే అర్థమిచ్చినా ఇక్కడ అది చేపలు పట్టే చోటు, ఆ చోటు మీద వంతు. చీటీలు తీస్తారు, వంతులవారీగా చోట్లు మారతారు. మంచి చోటు ఎవరికీ సొంతం కాదు. టర్కీలోని అలాన్యా రేవు జాలర్లూ ఇలాగే చీటీలు తీసుకుని రోజుకో చోటికి జరుగుతారని ఎలినార్ ఆస్ట్రామ్ 1990లో రాసింది. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఒకరి గురించి ఒకరికి తెలియని రెండు తీరాల్లో ఒకే చిక్కుకు ఒకే విరుగుడు! ప్యాటర్న్ అంటే ఏమిటో ఇంతకన్నా తేటగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

అపోహ: ఒకచోట పనిచేసిన పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకుంటే చాలు.

వాస్తవం: సంప్రదాయంగా పాడు చీటీల్లో ఉండేవి పట్టినవర్ మగవాళ్ల పేర్లే. ఆడవాళ్లకూ ఇతర కులాల జాలర్లకూ అందులో చోటు లేదు. లోపలివారి మధ్య తగవు తీర్చిన పద్ధతే బయటివారికి గోడ అయింది. తడ దగ్గర శ్రీసిటీ కర్మాగారాల్లోనైనా, మరే ఫ్యాక్టరీలోనైనా రాత్రి షిఫ్టు ఎవరికి, పండగనాటి డ్యూటీ ఎవరికి అన్న పేచీకి చీటీ, వంతు బాగానే పనికొస్తాయి. కానీ చీటీలు చుట్టేముందు కాంట్రాక్టు కార్మికుల పేర్లు, ఇంట్లో పసిబిడ్డను వదిలి వచ్చే ఆడవాళ్ల పేర్లు కాగితం మీద ఎక్కాయా, ఎక్కితే వాళ్లతో మాట్లాడే ఎక్కించారా అని చూడాలి. తర్వాతి మీటింగులో అన్నిటికన్నా ముందు ఈ ప్రశ్నే వేయండి.